గులాబి చొక్కా పోగొట్టుకున్నవాడు పిరికివాడా?

సావనీరుకు ఏదైనా రాయమని సంపాదక వర్గం వారు నోటీసు బోర్డులో కాగితం అంటించారు. కవితలు రాసేవాళ్లు మన కాలేజీలో చాలామందే ఉన్నారు, కథలు రాసేవాళ్లకూ కొదవ లేదు. నాకు రెండూ చేతకావు. నేను బి.ఎస్సీ. చదువుతున్న రైతుబిడ్డను. ఏడాదిగా హాస్టల్లో నేను ఒంటరిగా వాదిస్తున్న ఒక సంగతి మాత్రం ఉంది. మాటల్లో ఎవరూ పూర్తిగా విననివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ మధ్యలో అడ్డుపడేవాడు ఉండడు గదా!

సంగతి సైకిలు పందెం గురించి. 2025 జూన్ మొదట్లో, సెలవుల్లో ఒకరి ఫోనులో ఒకరం చూసి తర్వాత హాస్టలుకొచ్చి కొట్టుకున్న పందెం. ఇటలీ దేశాన్ని చుట్టి వచ్చే ఈ పందాన్ని జీరో ది ఇతాలియా అంటారు. జీరో అంటే సున్నా కాదు. వాళ్ల భాషలో చుట్టు అని అర్థం. (ఆఖరికి ఆ కుర్రవాడికి మిగిలింది సున్నాయే కదా అని మా గదిలో ఒక మహానుభావుడు చమత్కరించాడు. వాడికి జవాబు చెప్పడానికే ఈ వ్యాసమంతా అనుకోండి.) 1909లో మొదలైన పందెం. మూడు వారాలు, 21 అంచెలు, ఆ ఏడు మొత్తం సుమారు 3,400 కిలోమీటర్లు. ప్రతి రోజూ ఎవరు ఎంతసేపట్లో వచ్చారో కూడుకుంటూ పోతారు. మొత్తం మీద తక్కువ సమయం ఎవరిదైతే వాడికి గులాబి రంగు చొక్కా. ఈ పందాన్ని మొదలుపెట్టిన పత్రిక గులాబి కాగితం మీద అచ్చవుతుంది, అందుకని 1931 నుంచి చొక్కాకు ఆ రంగు.

ఆ చొక్కాను 2025లో పదకొండు రోజులు తొడుక్కున్నవాడు ఇసాక్ డెల్ తోరో. మెక్సికో దేశస్థుడు, పసిఫిక్ తీరాన ఎన్సెనాదా అనే ఊరివాడు. 2003 నవంబరులో పుట్టాడు, అంటే అప్పటికి 21 ఏళ్లు. నాకంటే ఒక్క క్లాసు పైవాడనుకోండి! మూడు వారాల పెద్ద పందాలలో అతనికిది రెండోది మాత్రమే. అంతకు రెండేళ్ల ముందు కుర్రవాళ్ల కోసం ఫ్రాన్సులో జరిపే పందెం గెలిచి పేరు తెచ్చుకున్నాడు. కానీ జీరోకి అతను నాయకుడుగా రాలేదు. జట్టులో అతనికంటే పేరున్నవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్లకు నీళ్ల సీసాలు అందించే వరసలో వచ్చాడు. తొమ్మిదో అంచెలో సియెనా ఊరికి పోయే తెల్ల కంకర బాటల మీద దుమ్ములో అందరూ చెల్లాచెదరైతే, ముందు మిగిలింది ఇద్దరు. ఒకడు బెల్జియం వాడు వాన్ ఆర్ట్, ఇంకొకడు ఈ కుర్రవాడు. గీత దగ్గర వాన్ ఆర్ట్ గెలిచాడు. కుర్రవాడికి రెండో స్థానం, దాంతోపాటు గులాబి చొక్కా దక్కాయి. ఆ చొక్కా తొడిగిన మొదటి మెక్సికో మనిషి అతనే. వాన్ ఆర్ట్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

మూడు వారాల పందెంలో ఒంట్లో బలం ఒక్క తీరున ఉండదు. పదహారో అంచెలో వానలో, చివరి కొండ మీద అతను తడబడ్డాడు. ఆ రోజే పోతుందనుకున్నారు చొక్కా. మర్నాడే బోర్మియోలో అంచె గెలిచి లేచి నిలబడ్డాడు. పందొమ్మిదో అంచెలో రెండోవాడుగా వచ్చాడు. నేను దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, అతనిలో సత్తువ అయిపోయింది, అందుకే ఓడాడు అనే వాదం ఒకటుంది. ముందు రోజు దాకా లెక్కలు ఆ మాట చెప్పటం లేదు.

ఇక మే 31, ఇరవయ్యో అంచె. మర్నాడు రోములో ఊరేగింపు లాంటి చివరి అంచె, అందులో స్థానాలు మారవు. కాబట్టి అసలు పందెం ఆ రోజుతో సరి. 205 కిలోమీటర్లు, మధ్యలో ఫినెస్త్రే అనే కొండ. పొడవు పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు, ఎత్తు 2,178 మీటర్లు, సగటున వంద అడుగులు ముందుకు పోతే తొమ్మిది అడుగుల పైన ఎక్కాలి. చివరి ఎనిమిది కిలోమీటర్లు తారు లేదు, మా ఊరి డొంక లాగా మట్టీ కంకరా. ఉదయం లెక్క ఇది: డెల్ తోరో ముందు, అతని వెనక 43 సెకన్లలో ఈక్వడార్ దేశస్థుడు రిచర్డ్ కారపాజ్, 1 నిమిషం 21 సెకన్లలో ఇంగ్లండు వాడు సైమన్ యేట్స్.

కారపాజ్ గురించి నాలుగు మాటలు రాయకపోతే నా మనసు ఒప్పుకోదు. కార్చీ అనే కొండప్రాంతపు పాడిరైతు కొడుకు. తెల్లవారుజామున ఆవుల పాలు పితికి పెరిగినవాడు. అతని మొదటి సైకిలు పాత ఇనుము సామానులో నాన్న తెచ్చింది, దానికి టైర్లు కూడా లేవట. అలాంటివాడు 2019లో ఇదే జీరో గెలిచాడు, టోక్యో ఒలింపిక్సులో బంగారు పతకం తెచ్చుకున్నాడు. న్యాయంగా చెప్పాలంటే ఆ రోజు నా మనసు అతనివైపే ఉంది. కుర్రవాడి తరఫున వాదించేది అభిమానం కొద్దీ కాదని తెలియడానికే ఈ మాట.

కొండ మొదట్లోనే కారపాజ్ విజృంభించాడు. డెల్ తోరో వెంటనే అతని చక్రం పట్టుకున్నాడు. యేట్స్ నెమ్మదిగా వాళ్లను అందుకుని, అక్కడినుంచి తనే ఒకసారి దూకాడు, రెండోసారి దూకాడు, మళ్లీ దూకాడు. చివరకు వదిలించుకుని పోయాడు. వెనక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కారపాజ్ దూకితే కుర్రవాడు అంటుకునేవాడు. కారపాజ్ ఆగితే కుర్రవాడూ ఆగేవాడు. యేట్స్ పోతూనే ఉన్నాడు. కొండ నెత్తికి చేరేసరికి ఆ 1 నిమిషం 21 సెకన్లూ కరిగిపోయాయి. అక్కడికి ఇంకా ముప్ఫై కిలోమీటర్లకు కొంచెం తక్కువ దారి ఉంది. దిగుడు, లోయ, ఆ తర్వాత సెస్ట్రియేరేకి మెల్లగా ఎక్కే రోడ్డు. ఆ లోయలో యేట్స్ కోసం ఒక మనిషి కాచుకుని ఉన్నాడు. పొద్దుటినుంచీ ముందు గుంపులో పోయిన తన జట్టువాడు వాన్ ఆర్ట్! అతను యేట్స్‌ను వెనక పెట్టుకుని ఎడ్లబండిని లాగినట్టు లాగాడు. వెనక ఈ ఇద్దరూ మాత్రం నువ్వు లాగు అంటే నువ్వు లాగు అన్నట్టు కాళ్లాడించడం తగ్గించేశారు.

మన కాలేజీ క్రీడోత్సవాల్లో నెమ్మది సైకిలు పందెం పెడతారు గదా, ఎవడు ఆఖరున వస్తే వాడికి బహుమతి. ఆ లోయలో ఇటలీ దేశపు అగ్రస్థానం కోసం ఆ ఇద్దరూ ఆడింది అచ్చం ఆ ఆటే.

మర్నాడు రోము చేరేసరికి లెక్క: యేట్స్ మొదటివాడు, డెల్ తోరో 3 నిమిషాల 56 సెకన్లు వెనక, కారపాజ్ 4 నిమిషాల 43 సెకన్లు వెనక. ఇందులో నన్ను నిద్రపోనివ్వని అంకె ఒకటుంది. ఆ ఇద్దరి మధ్య శనివారం ఉదయం 43 సెకన్ల తేడా. అంతా అయ్యాక 47. రోజంతా ఒకరిమీద ఒకరు వేసిన కాపలాకి దక్కిన ఫలితం 4 సెకన్లు!

పందెం కాగానే కుర్రవాడి మీద అందరూ పడ్డారు. పందెం నడపడం తెలియక చేజేతులా పోగొట్టుకున్నాడని కారపాజ్ కూడా అతన్నే తప్పుపట్టాడు. మా హాస్టల్లో తీర్పు ఇంకా కటువుగా వచ్చింది. పిరికివాడు, గుండె లేనివాడు, కాళ్లలో ఉంది గాని లోపల లేదు, ఇట్లా. ఈ తీర్పు తప్పని నా వాదం.

మొదట నాకు చేతనైన ఫిజిక్సు చెబుతాను. మాస్టార్లు తప్పులుంటే మన్నించి దిద్దాలి. మా ఊరి కాలువకట్ట మీద ఎదురుగాలిలో సైకిలు తొక్కినవాడికి ఎవడికైనా తెలుసు, పొగాకు చెక్కుల ట్రాక్టరు ముందు పోతుంటే దాని వెనక దూరితే కాళ్లు తేలికవుతాయి. గాలిని అది చీలుస్తుంది, మనం దాని నీడలో పోతాం. ఈ పందాల్లో చక్రం పట్టుకోవడం అంటే అదే. అయితే గాలి అడ్డు వేగాన్నిబట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లు, దానికి ఖర్చయ్యే శక్తి ఎనిమిది రెట్లు. ఫినెస్త్రే మీద వాళ్ల వేగం గంటకు 18 కిలోమీటర్ల చుట్టుపక్కల. మనిషీ సైకిలూ కలిపి 70 కిలోలు అనుకుని నేను నోటుబుక్కులో మోటుగా లెక్క వేశాను. బరువును ఆ ఏటవాలు మీదికి ఎక్కించడానికే 300 వాట్ల పైన కావాలి. గాలికి పోయేది పాతికో ముప్ఫయ్యో. అదే లోయలో గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే తారుమారు, గాలికే 300 వాట్లు.

దీన్నిబట్టి నాకు తోచింది ఇది. "నేను లాగితే వీడు నా వెనక సుఖంగా వచ్చి చివర్లో నన్ను కొడతాడు" అనే భయం లోయలో నిజం. కొండ మీద అది ముప్పాతిక భాగం అబద్ధం. తొమ్మిది శాతం ఏటవాలు మీద వెనకవాడికి మిగిలేది కొద్ది వాట్లే, ఎవడి బరువు వాడు మోసుకోవాల్సిందే. యేట్స్ ఇంకా ఇరవై ముప్ఫై సెకన్ల దూరంలో ఉండగా కుర్రవాడు తన తొక్కుడు తాను తొక్కి ఉంటే కారపాజ్ వెనక ఉన్నా పెద్దగా నష్టం లేదు. అంటే అతను మైదానపు సూత్రాన్ని కొండ మీద వాడాడు. ఆ సూత్రం నిజంగా పనిచేసే లోయకు వచ్చేసరికి ముందు లాగడానికి తన జట్టు మనిషి లేడు, మించిపోయింది. నేను దీన్ని లెక్క తప్పు అంటాను. పరీక్షలో ఒక సమస్యకు ఇంకో సమస్య సూత్రం రాసినవాణ్ని మాస్టారు మార్కులు కోస్తారు గాని పిరికివాడని అనరు గదా.

అలాగని తప్పు లేదనటం లేదు. చొక్కా తొడుక్కున్నవాడిదే మొదటి బాధ్యత, ఇది ఆ పందెపు మర్యాద. యేట్స్ గెలిస్తే ఎక్కువ పోయేది అతనికే. కానీ వయసు తక్కువ కాబట్టి తప్పు చేశాడనే మాట ఎట్లా నిలుస్తుంది? 2019లో జీరో గెలిచిన 32 ఏళ్ల వాడు అదే కొండ మీద, అదే నిమిషంలో, అదే తప్పు చేశాడు. యేట్స్‌ను పట్టుకోకపోతే కారపాజ్‌కి కూడా చొక్కా రాదు. అది అతనికి తెలియదా? తెలుసు. కుర్రవాడు ఒత్తిడికి లొంగి లాగుతాడని చూశాడు. కుర్రవాడు లాగలేదు. అనుభవం ఉన్నవాడికి వ్యూహం, లేనివాడికి పిరికితనం, ఒకే పనికి రెండు పేర్లా?

ఈ పని ఎంత అనుభవం ఉన్నా తప్పదని నాకు పద్నాలుగో ఏటనే తెలిసింది. మావి సాగరు కుడికాలువ కింద చివరి భూములు. చివరి భూములంటే ఏమిటో కాలువ కింద వ్యవసాయం చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎగువ తాగినంత తాగి మిగిల్చింది మాకు. ఆ ఏడు వారబందీ పెట్టారు. మా తూముకు వంతు రాత్రిపూట వచ్చింది. మా మిరపచేనుకూ పక్కచేను బాబాయి వాళ్ల చేనుకూ ఒకటే బోదె. సగం రాత్రి వాళ్లకు, సగం రాత్రి మాకు. అంతకు ముందు సంవత్సరం గట్టు ఎవరు తెంపారన్న దానిమీద మా నాన్నకూ బాబాయికీ మాటలు లేవు. ఇద్దరూ దుప్పట్లు కప్పుకుని, చెరొక బ్యాటరీ లైటు పట్టుకుని బోదె మీద ఎదురెదురుగా కూర్చున్నారు. నేను నాన్నకు తోడు పోయాను. పదకొండింటికి నీళ్లు సన్నబడ్డాయి. నాన్న బాబాయి వైపు లైటు వేశాడు. బాబాయి నాన్న వైపు లైటు వేశాడు. ఒకరు మళ్లించారేమోనని ఇంకొకరి అనుమానం. ఒంటిగంటకు బోదెలో బురద మాత్రం మిగిలింది. ఎగువన ఎక్కడో ఆయిలింజను చప్పుడు వినపడుతోంది, నాకే వినపడింది, వాళ్లకు వినపడదా? కట్టమీద రెండు కిలోమీటర్లు నడిచిపోయి అడిగితే అయిపోయేది. కానీ ఒకరు లేచి పోతే వచ్చిన ఆ కాసిని నీళ్లూ రెండోవాడు తిప్పుకుంటాడు. అందుకని ఇద్దరూ లేవలేదు. తెల్లవారింది, వంతు అయిపోయింది. ఇంటికొచ్చాక అమ్మ ఒక్క మాట అడిగింది: "ఇద్దర్లో ఒక్కడన్నా పైకి పోయి చూశారా?" నాన్న పలుపు తీసుకుని గొడ్ల దగ్గరకు పోయాడు.

ఆ సంవత్సరం మిరప తొడిమల్లోనే ఎండింది. బాబాయి వాళ్ల చేనూ అంతే. మా నాన్నకు అప్పటికి పాతికేళ్ల సేద్యం. ఊళ్లో ఎవరూ ఆయన్ను పిరికివాడనలేదు. పాముల్లో, చీకట్లో ఒంటరిగా నీళ్లు కట్టే మనిషిని ఎవరంటారు? ధైర్యం చాలక కాదు ఆ ఇద్దరూ కూర్చుంది. ధైర్యం ఉండబట్టే తెల్లారేదాకా కూర్చున్నారు. చూపంతా పక్కవాడి మీద పెట్టారు, అంతే.

డెల్ తోరోకి 43 సెకన్ల దూరంలో ఉన్నవాడు పక్కచేనువాడు. 1 నిమిషం 21 సెకన్లవాడు ఎగువన ఇంజను పెట్టినవాడు. దగ్గరివాడే ప్రమాదంగా కనపడటం మనిషి కంటికి సహజం. (యేట్స్‌కు కవల సోదరుడొకడున్నాడు, పేరు ఆడమ్. ఆ ఆడమ్ డెల్ తోరో జట్టులోనే తొక్కుతున్నాడు! ఇంట్లో మనిషి ఎంత గట్టివాడో ఇంట్లోవాళ్లకు తెలియదా అని మా గదివాళ్లు అన్నారు. ఈ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేదు.)

ఇక యేట్స్ సంగతి. ఇది చెప్పకుండా ఆ రోజును ఎవరూ తూచలేరు. 2018లో ఇదే జీరోలో పదమూడు రోజులు గులాబి చొక్కా తొడిగినవాడు యేట్స్. అప్పుడు పాతికేళ్ల వయసు. మూడు అంచెలు గెలిచాడు, రోజూ దూకేవాడు, రెండు సెకన్లకు కూడా దూకేవాడు. ఆఖరి మూడు రోజుల్లో ఒళ్లు చచ్చుబడింది. పందొమ్మిదో అంచెలో ఇదే ఫినెస్త్రే కొండ మీద వెనకబడి, ఆ రోజు చివరికి 38 నిమిషాల పైన ఆలస్యంగా చేరాడు. అదే కొండ మీద, ఇంకా 80 కిలోమీటర్లు ఉండగా ఒంటరిగా లేచిపోయిన క్రిస్ ఫ్రూమ్ ఆ జీరో గెలిచాడు. అప్పుడూ యేట్స్‌ను పందెం నడపడం రాదన్నారు. మితిమీరి దూకాడన్నారు. ఏడేళ్ల తర్వాత కుర్రవాణ్ని అసలు దూకలేదన్నారు. 2025 దారి ప్రకటించినప్పటినుంచీ ఆ కొండ మనసులో పెట్టుకున్నానని యేట్స్ తర్వాత చెప్పాడు. 19 అంచెలు ఎవరి కంటా పడకుండా తొక్కి, ఒక్క గంట కోసం అంతా దాచుకున్నాడు. అది వ్యూహమే, అద్భుతమైన వ్యూహం. కానీ ఆ వ్యూహం పాతికేళ్లప్పుడు అతని దగ్గర లేదు. ఉంటే 38 నిమిషాలు పోయేవా?

నాకు ఈ సైకిలువాళ్ల మీద ఇంత పట్టింపు ఎందుకంటే, పిరికివాడనే మాట ఇటలీలో ఆగదు. పోయినేడు మా బ్యాచిలో ఒకతను రెండు సెమిస్టర్లు వరసగా మొదటి స్థానంలో ఉన్నాడు. మూడోదానిలో, తనకు రెండోస్థానంలో ఉన్నవాడు దేనిలో ఎక్కువ తెచ్చుకుంటున్నాడో చూసి ఆ ఒక్క సబ్జెక్టు మీద కూర్చున్నాడు. మిగతావి పోయాయి. ఎవరూ అనుకోని ఒక అమ్మాయి మొదటి స్థానానికి వచ్చింది, ఆమెకు నా అభినందనలు. కానీ క్యాంటీనులో ఇతని గురించి ఏమన్నారో నేను విన్నాను. "వీడికి ఒత్తిడి తట్టుకునే గుండె లేదురా." అతనూ విన్నాడు. అప్పట్నుంచి టీ ఫ్లాస్కులో తెప్పించుకుని గదిలోనే తాగుతున్నాడు. ఆ మాట అన్నవాళ్లలో అతనికంటే ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లు ఎవరూ లేరు. నేనూ ఆ బల్ల దగ్గరే ఉన్నాను, మాట్లాడలేదు.

డెల్ తోరో మాత్రం గదిలో కూర్చోలేదు. ఆ వేసవిలోనే ఆస్ట్రియా పందెం గెలిచాడు, ఆగస్టులో స్పెయిన్లో బుర్గోస్ గెలిచాడు. జీరోలో రెండో స్థానంతో పాటు కుర్రవాళ్లకిచ్చే తెల్ల చొక్కా అతనికే వచ్చింది, దాన్ని మా హాస్టల్లో ఒక్కరు కూడా లెక్కలోకి తీసుకోరు.

ఈ సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్నకు ఫోనులో ఆ కొండ చూపించాను. ఆయనకు సైకిలు పందెం అంటే తెలియదు. ముందు ఒకడు పోతున్నాడు, వెనక గులాబి చొక్కావాడూ ఇంకొకడూ ఒకర్నొకరు చూసుకుంటున్నారు. నాన్న అద్దాలు పెట్టుకుని అయిదు నిమిషాలు చూశాడు.

"ఆ ముందు పోయేవాణ్ని వీళ్లిద్దరూ చూళ్లేదంట్రా?" అన్నాడు.

చూశారు నాన్నా, చెవిలో రేడియో కూడా ఉంటుంది, ఎన్ని సెకన్లో చెబుతూనే ఉంటారు అన్నాను.

నాన్న ఫోను నా చేతికిచ్చేశాడు. "చూసే ఉంటార్లే" అన్నాడు.